నల్లరాయి మీది తడి

కొవిడ్ రెండో విడత సద్దుమణిగిన ఏడాది శీతాకాలంలో నన్ను మేడ్చల్ వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి, ఛాతీ వ్యాధుల విభాగానికి బదిలీ చేశారు. పదవీ విరమణ దగ్గర పడింది. నా హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. అంటే అసిస్టెంట్ సర్జన్‌కు ఒక మెట్టు పైన, సివిల్ సర్జన్‌కు ఒక మెట్టు కింద. విభాగం అనే మాట పెద్దదే కానీ అందులో ఉన్నది నేనూ, ఒక ల్యాబ్ టెక్నీషియనూ, క్షయ నివారణ కార్యక్రమం చూసే ఒక సూపర్‌వైజరూ. మాది కృష్ణా తీరం. పెళ్లయ్యాక యాప్రాల్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాం. ఇన్నేళ్లయినా నేను నోరు తెరవగానే రోగులు నవ్వుకుని, "మేడం ఆంధ్రామె" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. అందులో చిన్నచూపేమీ లేదు, గుర్తు పెట్టుకోవడానికి అదొక పద్ధతి.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో కుత్బుల్లాపూర్ ఫ్యాక్టరీ కాలనీల కార్మికులు ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ల రైతులు, కొత్త అపార్ట్‌మెంట్ల కాపలావాళ్లు కూడా వచ్చేవారు. దగ్గు తగ్గకపోతే ముందు కళ్లె పరీక్ష, తర్వాత ఎక్స్‌రే. కళ్లెలో క్షయ క్రిమి కనబడితే పేరు నమోదు చేసి మందులు మొదలుపెడతాం. కనబడకపోతే అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఈ వైద్యంలో సగం భాగం ప్రశ్నలడగడమే. ఏ పొయ్యి మీద వండుతారు, ఏ పని చేస్తారు, పక్కింట్లో ఏం కాలుస్తారు అని. ఊపిరితిత్తి మనిషి పీల్చినదాన్ని మరచిపోదు.

ఒకరోజు రిజిస్ట్రేషన్ కౌంటర్ నుంచి ఆపరేటర్ ఒకావిడను వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. ఆరోగ్య పథకం కింద పేరు ఎక్కించాలంటే వేలిముద్ర పడాలి. ఆవిడ పది వేళ్లలో ఒక్కటీ పడలేదట. ఆవిడకు అది కొత్త కాదు. "రేషన్ దుకాణంల గూడ పడయి మేడం. కండ్లు జూపిస్తె పడ్తది" అంది నవ్వుతూ. నవ్వగానే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఆమె పేరు సుగుణ. నలభై దాటిన వయసు. శామీర్‌పేట దాటాక అలియాబాద్ నుంచి బస్సులు మారి ఒక్కతే వచ్చింది. మెట్లెక్కితే దమ్మొస్తాందనీ, ఏడాదిగా ఒళ్లు తగ్గిపోతోందనీ చెప్పింది. ఎక్కడో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఎక్స్‌రే చూసి క్షయ అని చెప్పి పూర్తి కోర్సు మందులు వాడించారు. కళ్లెలో క్రిమి ఉన్నట్టు రిపోర్టు మాత్రం ఆమె దగ్గరున్న కాగితాల్లో ఎక్కడా లేదు. నేను ఆమె చేతులు పట్టుకుని చూశాను. వేళ్ల చివర్లు గాజులా నున్నగా ఉన్నాయి, గీత అన్నది లేదు. ఏం పని చేస్తారని అడిగాను.

"ఏం జెయ్య మేడం. ఇంట్లనే ఉంట."

మళ్లీ పరీక్షలు చేయించాను. కళ్లెలో క్రిమి లేదు. ఎక్స్‌రే వచ్చాక వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాను. ఊపిరితిత్తుల పై భాగాల్లో ఆవాలు చల్లినట్టు సన్నని మచ్చలున్నాయి. మధ్యలో గ్రంథుల చుట్టూ కోడిగుడ్డు పెంకులాగా తెల్లని గీత ఉంది. పెంకు లాంటి ఆ గీత రాతిపొడి పీల్చినవాళ్లలో కనబడేది. క్వారీ కూలీల ఫిల్ముల్లో, కంకర క్రషర్ల దగ్గర పనిచేసేవాళ్ల ఫిల్ముల్లో చూశాను. ఇంట్లోనే ఉంటానని చెప్పే మనిషి ఫిల్ములో అదే మొదటిసారి. ఇంటి పక్కన క్వారీ ఉందా అని అడిగాను. లేదంది. క్రషర్? అదీ లేదు. మీ ఆయన ఏం చేస్తారు?

"బొమ్మలు జేస్తడు. రాయి బొమ్మలు."

"మరి మీరు?"

"నేను ఊకె పాలిష్ పడ్త. అంతే."

ఆ 'ఊకె', ఆ 'అంతే' రెండూ నన్ను ఆ రోజంతా వదల్లేదు.

క్షయ తేలితే ఇంటికెళ్లి మిగతావాళ్లను పరీక్షించడం మా నియమం. ఇది క్షయ కాదు కాబట్టి నేను వెళ్లాలన్న నియమమేమీ లేదు. అయినా ఆ వారం డ్యూటీ ముగిశాక యాప్రాల్ వైపు తిరగకుండా కరీంనగర్ రోడ్డు పట్టుకున్నాను. అలియాబాద్ దగ్గర రోడ్డుకు అటూ ఇటూ కొత్త వెంచర్ల ప్రహరీలు, వాటి మీద ఫ్లెక్సీలు. వాటిని దాటి పాత ఊళ్లోకి మళ్లితే సుగుణ వాళ్ల ఇల్లు.

ఆమె భర్త పేరు విఠల్. పొలాలున్న కుటుంబంలో పుట్టాడు. అన్నలిద్దరూ పొలాలను ప్లాట్లు చేసి, అట్నుంచి రాజకీయాల్లోకి వెళ్లారు. విఠల్ మాత్రం చిన్న వయసులోనే నగరానికి పోయి కాలేజీలో శిల్పం నేర్చుకుని వచ్చాడు. ఇంటి వెనక తన వాటాకు వచ్చిన జాగాలో షెడ్డు వేసుకుని నల్లరాయి చెక్కుతున్నాడు. కమాన్లకూ గేట్లకూ అడిగినవి చేసి ఇస్తాడు, ఇల్లు దాంతో గడుస్తుంది. మిగిలిన కాలమంతా ఒక్క బొమ్మ మీదే. దాన్ని ఎవరూ చేయమనలేదు, కొంటామని కూడా ఎవరూ అనలేదు. ఎన్నేళ్లుగా చేస్తున్నారని అడిగితే మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లెక్క కుదరలేదు.

షెడ్డు మొదట్లో నాలుగు వైపులా తెరిచి ఉండేదట. పక్కన విల్లాలు వచ్చాక దుమ్మూ చప్పుడూ అని ఫిర్యాదులు మొదలయ్యాయి. విఠల్ గొడవ పడే మనిషి కాదు. మూడు వైపులా రేకులు కొట్టి, ఒక రేకు తలుపు పెట్టి, నాలుగో వైపు ఆకుపచ్చ గుడ్డ కట్టాడు. పక్కవాళ్లు సంతోషించారు. దుమ్ము మాత్రం లోపలే నిలిచిపోయింది. నేను అడుగు పెట్టగానే కాళ్ల కింద మెత్తగా తగిలింది. దూలాల మీద, దీపం తీగ మీద, తాగే నీళ్ల కుండ మూత మీద అంతటా బూడిద రంగు పొర.

ఆ మధ్యలో గేదె ఉంది.

ఒకే నల్లరాతిలో నిలువెత్తు గేదె. చెరువులో మునిగి లేస్తున్నట్టుంది. మెడ ఎత్తి, ఒక ముందరి కాలు గట్టు మీద మోపి, మిగతా ఒళ్లు ఇంకా నీళ్లలోంచి పైకి వస్తోంది. గట్టు అంతా ఉలి దెబ్బలు కనబడే గరుకు రాయి. గేదె కుడివైపు మాత్రం తడిసి ఉంది. మెడ మీద నుంచి నీళ్లు జారుతున్నాయి, డొక్కల మధ్య నిలిచాయి, మోకాలి దగ్గర బొట్టుగా ఆగాయి. నేను చేయి వేశాను. తీసేశాక చీర కొంగుతో తుడుచుకోబోయి ఆగాను. చేయి పొడిగానే ఉంది.

"గదంత సుగుణదే మేడం" అన్నాడు విఠల్. "నేను ఆకారం దెస్త. నీళ్లు ఆమె దెస్తది."

ఎలా చేస్తారో చూపించమన్నాను. సుగుణ కింద కూర్చుని రేగుమాల్ కాగితం ముక్కతో రాతి మీద చిన్న చిన్న చుట్లు తిప్పింది. కాగితం రంగు మారుతుంది కానీ చేతి వేగం మారదు. తర్వాత మొహం దగ్గరగా పెట్టి నోటితో ఉఫ్‌మని ఊదింది. పొడి లేచి ఆమె నుదుటి మీద పడింది. ఆ చోట చెంప ఆనించి, కళ్లు మూసుకుని ఒక క్షణం ఉంది. మళ్లీ కాగితం తీసుకుంది. నీళ్లు పోస్తూ రుద్దితే పొడి లేవదు కదా, అలా ఎందుకు చేయరని అడిగాను.

"నీళ్లు వోస్తె రాయి అబద్ధమాడ్తది మేడం. తడి మీద అంత మెరుస్తది. ఎండినంకనే ఏడ గరుకున్నదో, ఏడ మెరుగున్నదో ఎరుకైతది."

గోడ మేకుకు రెండు ఫిల్టర్ల రబ్బరు మాస్కు ఒకటి వేలాడుతోంది. అది విఠల్‌ది. కాలేజీ రోజుల నుంచి అలవాటట. సుగుణకూ ఒకటి తెచ్చాడు, అది కవర్లోనే ఉంది. ఆమె కొంగు కట్టుకుంటుంది, ఊదాలనుకున్నప్పుడు తీసేస్తుంది. "మూతికి గది వెట్టుకుంటె ఊదుడెట్ల? సెంపకు ఎట్ల తెలుస్తది?" అంది, నేనే వింత ప్రశ్న అడిగినట్టు.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే దారంతా నాకు విఠల్ మీద కోపం. మాస్కు అతని మొహానికి ఉంది, జబ్బు ఆమె ఊపిరితిత్తుల్లో ఉంది. నాకప్పుడు విషయం అంత సులభంగా కనిపించింది.

నగరంలో పెద్దాసుపత్రికి పంపి స్కానింగు, ఊదుడు పరీక్ష చేయించాను. గొట్టంలోకి బలంగా ఊదితే ఊపిరితిత్తి ఎంత గాలి పట్టగలదో, ఎంత వేగంగా వదలగలదో చెప్పే పరీక్ష అది. అనుమానం ఖాయమైంది. సిలికోసిస్. విఠల్‌కూ పరీక్ష చేయిస్తే మచ్చలు ఉన్నాయి కానీ తేలిక. ఇద్దర్నీ పిలిపించాను. వాళ్లతో పాటు కూతురు మౌనిక వచ్చింది. ఆ అమ్మాయి తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. కంపెనీ బ్యాడ్జీ మెడలో ఉండగానే వచ్చి కూర్చుంది.

ఇలాంటి సంగతి చెప్పడానికి మాకొక క్రమం ఉంది. ముందు జబ్బు పేరు, తర్వాత కారణం, ఆ తర్వాత చేయగలిగినదీ చేయలేనిదీ. లోపలికి పోయిన పొడిని బయటికి తెచ్చే మందు లేదని చెప్పాను. ఇక మీదట పీల్చకుండా ఉండడం ఒక్కటే మన చేతిలో ఉందని, అలా ఉన్నా జబ్బు కొంత ముదరవచ్చని, ఈ ఊపిరితిత్తుల్లో నిజమైన క్షయ కూడా తేలిగ్గా చేరుతుందని చెప్పాను. సుగుణ ప్రతి మాటకూ తల ఊపింది. విఠల్ నేల చూస్తున్నాడు. మౌనిక ఆగలేకపోయింది.

"మా కంపెనీల గౌను, మాస్కు లేకుంట లోపలికి అడుగు వెట్టనియ్యరు మేడం. ఇంట్లనేమో మా అమ్మ ఇన్నేండ్లు రాయిపొడి మింగుకుంట కూసున్నది. నాయిన పక్కపొంటి ఉండి సూసిండు. గా బర్రె ఎవలికి గావాలె? ఎవలడిగిన్రు?"

ఆమె నా వైపు తిరిగి, అమ్మ షెడ్డులోకి పోవద్దని కాగితం మీద రాసివ్వమంది. రాసి సంతకం చేశాను. వైద్యపరంగా అందులో రెండో మాటకు చోటు లేదు. విఠల్ ఆ రోజే షెడ్డుకు తాళం వేసి చెవి కూతురి చేతిలో పెట్టాడని తర్వాత తెలిసింది. తన ఉలి కూడా లోపలే ఉండిపోయింది.

నా మట్టుకు నాకు కేసు సరిగ్గా నడిచినట్టే. మందులు రాశాను, టీకాలు వేయించాను, శ్వాస వ్యాయామం నేర్పించాను. కానీ తర్వాతి నెల పరీక్షకు వచ్చిన సుగుణ బరువు ఇంకా తగ్గింది. నిద్ర లేదు. ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెలన్నీ తోమి తోమి పెడుతోందని, తోమినవే మళ్లీ తోముతోందని మౌనిక చెప్పింది. గోడ పక్క నుంచి పోతూ సున్నం మీద అరచేయి రాస్తుందట. నా గదిలో కూర్చున్నంతసేపూ ఆమె వేళ్లు కుర్చీ చెయ్యి మీద చుట్లు తిరుగుతూనే ఉన్నాయి. మనసుకు సంబంధించిన డాక్టర్‌ను ఒకసారి చూస్తారా అని అడిగాను.

"నా మనసుకేమైంది మేడం, మంచిగనే ఉన్నది" అంది. వేళ్లు ఆపి, "కుడిపక్క నీళ్లల్లకెల్లి లేశింది. ఎడమపక్క పొడిగనే నిలవడ్డది. గట్ల సగం ఇడ్సిపెట్టి నేను పండుకుంటె నిద్రెట్ల వడ్తది?" అంది.

ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకు పెట్టి, ఎక్కడ ఏం జరుగుతోందో మొదటి నుంచీ చూపించాను. చాలామంది రోగులు ఈ ఘట్టంలో వినడం మానేస్తారు. ఆమె మాత్రం దగ్గరికి జరిగి, పెంకు గీతను వేలితో చూపి, ఇదేంది అదేంది అని అడిగింది. అంతా అర్థం చేసుకుంది. చివరికి, ఆపేస్తే బాగవుతానా అని అడిగింది. బాగవడం కాదు, నెమ్మదిస్తుందని అనుకుంటున్నాం అన్నాను.

"అనుకుంటున్రు" అంది. ఎత్తిపొడుపు కాదు. నేనన్న మాటను నాకే మళ్లీ వినిపించింది.

కొన్నాళ్లకు విఠల్ ఒక్కడే ఓపీ చీటీ రాయించుకుని వరుసలో కూర్చున్నాడు. తన పరీక్ష కోసమేమో అనుకున్నాను. లోపలికి వచ్చి, తాను చేసిన పని చెప్పాడు. కూతురిని బతిమాలి తాళంచెవి తీసుకుని, సుగుణ నిద్రలేమి చూడలేక ఆ ఎడమవైపు తానే పూర్తిచేద్దామని మొదలుపెట్టాడు. మాస్కు కట్టుకుని మెడ దగ్గర పాలిష్ మిషను పెట్టాడు. చప్పుడు విని సుగుణ వచ్చింది. చాలాసేపు చూసి, "నూనె రాసినట్టు జేసినవ్ గదనయ్యా" అంది. అంతే, అక్కడే దుమ్ములో కూర్చుండిపోయింది. ఎంత లెమ్మన్నా లేవలేదట.

"నాకు రాలే మేడం" అన్నాడతను. "ఇన్నేండ్లు పక్కన గూసుండి ఆమె జేస్తుంటె సూసిన. పాలిష్ పడ్తాందనుకున్న. బర్రెను జేసేది నేనే అనుకున్న."

ఆమె ప్రమాదం లేకుండా ఆ పని పూర్తిచేసే దారి ఏదైనా ఉందా అని అడగడానికి వచ్చాడు. లేదని చెప్పి పంపాను. నగరంలో నాకన్నా సీనియర్ అయిన ఒక ఛాతీ వైద్యుడికి ఫోన్ చేశాను. ఆయన సందేహించలేదు: పొడికి దూరంగా ఉంచడమే వైద్యం, అందులో బేరం లేదు. పుస్తకమూ అదే చెబుతుంది. నేనూ ముప్పై ఏళ్లుగా అదే చెప్పాను. అయినా ఆ తర్వాతి పదిహేను రోజులూ నాకు కాలు నిలవలేదు. ఓపీలో ఒకరి ఎక్స్‌రే చూస్తూ ఇంకొకరి పేరు పిలిచేదాన్ని. ఇంట్లో మావారు రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. నేను తొలిసారి ఆ షెడ్డులో చూసినప్పుడు ఒక మగవాడి పిచ్చికి బలైన ఆడదాన్ని చూశాననుకున్నాను. ఆ లెక్క తప్పింది. అక్కడ పిచ్చివాళ్లు ఇద్దరున్నారు, అందులో ఒకరి పేరు ఎవరికీ తెలియదు. సుగుణ ఎవరి కోసమో కాదు, తన పని తాను చేసుకుంటోంది. అది తెలిసినంత మాత్రాన ఆమె ఊపిరితిత్తి బలపడదు కదా. ఈ రెండూ నా తలలో పక్కపక్కనే ఉండి, ఒకదాన్ని ఒకటి ఒప్పుకోలేదు.

ఈలోగా సుగుణ నా నిర్ణయం కోసం ఆగలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆకుపచ్చ గుడ్డ పైకెత్తి, కిందనుంచి దూరి లోపలికి పోయింది. మౌనిక షిఫ్టు నుంచి వచ్చేసరికి తల్లి కొంగు నిండా బూడిద. ఆ మర్నాడు తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. బస్సులో కూడా మాట్లాడుకోలేదని చూస్తేనే తెలుస్తోంది.

అప్పుడు నేను షరతులు పెట్టాను. దొంగతనంగా పొడిలో చేసేకంటే కళ్లెదుట తడిలో చేయడం మేలని నాకు తోచింది. షెడ్డు రేకులు విప్పేయాలి. లోపల పేరుకున్న దుమ్మంతా ఆమె లేనప్పుడు తడిపి ఎత్తేయాలి. విఠల్ ఆ జాగాలో మిషను ముట్టకూడదు. ఆమె నీళ్లు పోస్తూనే రుద్దాలి. తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, చూసుకుని, మళ్లీ తడపాలి. నోటితో ఊదకూడదు. ఫోటోగ్రాఫర్లు కెమెరా తుడవడానికి వాడే రబ్బరు బుడ్డి వాడాలి. మొహానికి బిగుతుగా అమరే మాస్కు ఉండాలి. ప్రతి నెలా ఊదుడు పరీక్ష, అందులో తగ్గుదల కనబడిన రోజున ఆపేయాలి. ఇదంతా సురక్షితం అని నేను అనడం లేదని కూడా చెప్పి, ప్రతిదీ కేసు షీటులో రాశాను.

మౌనిక లేచి నిలబడింది. "పోవద్దని రాశిన కాగితం మీద సంతకం గూడ మీదే గద మేడం" అంది.

నాదేనన్నాను. అది మారలేదనీ, నా సలహా ఇప్పటికీ అదేననీ అన్నాను. ఆమె బయటికి వెళ్లిపోయింది. సుగుణ షరతులన్నీ ఒక్కొక్కటే నాతో మళ్లీ చెప్పించుకుని, "తుడిసి ఆరవెట్టుకుంట జేస్తె మూడంతల పొద్దు వడ్తది" అని లెక్కేసుకుంది. తర్వాత, "పడనియ్" అంది.

రెండు వారాల తర్వాత నేను వెళ్లేసరికి రేకులు లేవు. విల్లాల వైపు నుంచి చూస్తే గేదె నేరుగా కనిపిస్తోంది. నేను ఊహించనిది ఒకటుంది. మాస్కు తెచ్చింది మౌనిక. కంపెనీలో వాళ్లకు మాస్కు అమర్చడం నేర్పుతారు. తల్లి గడ్డం కిందా, ముక్కు పక్కనా వేళ్లు పెట్టి గాలి ఎక్కడ తప్పించుకుంటుందో చూస్తూ, పట్టీలు బిగించి, ఊపిరి పీల్చమని, వదలమని అంటోంది. తండ్రితో మాత్రం మాట లేదు. విఠల్ బిందెతో నీళ్లు తెచ్చి పెట్టి దూరంగా జరిగాడు.

చెంప మాస్కు కింద ఉంది కాబట్టి సుగుణ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడడం మొదలుపెట్టింది. మొదట్లో దానికి తెలియలేదట, ముంజేతికి బుద్ధి రావడానికి నెల పట్టిందని చెప్పింది. ఎండలు ముదిరేదాకా పని సాగింది. డొక్కలు తడిసాయి, తొడ తడిసింది, విఠల్ పాడుచేసిన మెడను మళ్లీ గరుకు చేసి మొదటి నుంచి నీళ్లు తెచ్చింది. మొదటి నెలల్లో పరీక్ష అంకె నిలకడగా ఉంది. తూకం కొంచెం పెరిగింది, రాత్రిళ్లు నిద్రపోతోంది. నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. తర్వాతి నెల అంకె తగ్గింది. పొరపాటేమోనని మరోసారి ఊదించాను. అదే వచ్చింది.

ఆపేయాలని చెప్పాను. మౌనిక తల్లి వైపు చూసింది, గొడవకు సిద్ధమై వచ్చినట్టుంది. సుగుణ గొడవ చేయలేదు. "మాటిచ్చిన గద" అంది. ఎడమ కన్ను కింద అరచేయంత చోటు మిగిలిందని మాత్రం చెప్పింది. దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

ఆ వానాకాలంలో ఆమెకు నిజంగానే క్షయ వచ్చింది. ఈసారి కళ్లెలో క్రిమి ఉంది. ఎండలు ముదిరేదాకా చేసిన ఆ పని వల్ల వచ్చిందా, ఏమీ చేయకుండా కూర్చున్నా వచ్చేదేనా అంటే నేను చెప్పలేను. ఏ వైద్యుడూ చెప్పలేడు. మౌనిక నన్ను ఆ ప్రశ్న ఒక్కసారే అడిగింది. తెలియదన్నాను. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. మందులు పనిచేసి క్షయ నయమైంది. ఊపిరితిత్తి మాత్రం ఉన్న చోటికి తిరిగి రాలేదు. ఇప్పుడు సుగుణ రోజులో ఎక్కువభాగం ఆక్సిజన్ మిషను పక్కనే ఉంటుంది. విఠల్ రాయి వదిలేసి మట్టితో చిన్న బొమ్మలు చేస్తున్నాడు. వంట కూడా అతనే చేస్తాడు. తండ్రీకూతుళ్ల మాటలు మందులూ సిలిండరూ దాటి ముందుకు పోలేదు.

నేను రిటైరైన తర్వాత ఆ గేదెను నగరంలో ఒక ప్రదర్శనకు తీసుకెళ్లారు. విఠల్ పట్టుబట్టి పలక మీద ఇద్దరి పేర్లూ పెట్టించాడు, ఆమెది ముందు. చిన్న ఆక్సిజన్ సిలిండరుతో సుగుణను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. నేనూ వెళ్లాను. కళ గురించి రాసే ఒక పెద్దమనిషి తన వెంట వచ్చినవాళ్లకు వివరిస్తున్నాడు. ఒళ్లంతా తడిపి, కన్ను కింద మాత్రం పొడిగా వదలడంలోనే శిల్పి గొప్పతనమంతా ఉందట. కన్నీరు ఉండాల్సిన చోట నీరు లేకపోవడం, దాన్ని వదిలేసే ధైర్యం, అలా సాగింది. వాళ్లు తలలు ఊపారు. సుగుణ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుని నాతో మెల్లగా అంది:

"అది తెలివి గాదు మేడం. దమ్ము సరిపోలే."

కొత్తగా చేరిన వైద్యాధికారులకు శిక్షణ ఇవ్వడానికి ఇప్పటికీ నన్ను అప్పుడప్పుడు పిలుస్తారు. రెండు విషయాలు చెబుతాను. 'ఏం పని చేస్తారు' అని రోగిని అడిగితే చాలదు, ఆ ఇంట్లో ఏ పని జరుగుతుందో, అందులో ఆమె చేయి ఎంతవరకు ఉందో అడగాలి. ఇంట్లోనే ఉంటానని చెప్పేవాళ్లలో చాలామందికి తాము చేసేది పని అనే అనిపించదు. రెండోది, సలహా వినలేదని రోగిని వదిలేయకూడదు. మందులు మధ్యలో మానేసిన వాళ్లకు మా విభాగంలో చాలాకాలం డిఫాల్టర్ అనే మాట వాడేవాళ్లం, రాసి పక్కన పెట్టేవాళ్లం. సుగుణకు నేనిచ్చిన అనుమతి సరైనదో కాదో నాకు ఈరోజుకీ తేలలేదు. కానీ నేను వద్దని తలుపు మూసి ఉంటే ఆమె గుడ్డ కింద నుంచి దూరి పొడిలోనే చేసేది, అంకె తగ్గిన రోజున ఆపమని చెప్పడానికి ఎవరూ ఉండేవారు కాదు. మన మాట కాదన్న మనిషికి కూడా వచ్చే నెల పరీక్ష తేదీ రాసి ఇవ్వాలి.